ఇరవైనాలుగు వోల్టుల చీకటి

సాయంత్రం ఆరుగంటల నలభై నిమిషాలు. వాన వెలిసి పావుగంటయింది. గాలి లేదు, మెకాంగ్ నది మీద పలచగా ఆవిరి లేస్తోంది. ఒడ్డునే ఉన్న తమ భోజనశాల వంటింటి కిటికీలోంచి బువలై తోటలోకి చూసింది. దీపాలన్నీ వెలిగాయి. తోట మాత్రం వెలగలేదు. బల్లల పక్కన పాతిన చిన్న చిన్న దీపాలు ఆరిపోబోయే నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి. కూర్చున్నవాళ్ళు నీడల్లా కదులుతున్నారు.

కాల్చిన చేప కోసం కిటికీ దగ్గరికి వచ్చిన భర్తను నిలదీసింది.

"కొత్త బల్బులన్నావు. ఇదేనా వెలుగు?"

"వానకి తేమ పట్టింది. ఆరితే అవే వెలుగుతాయిలే."

"మొన్న ఎండ కాసింది. మొన్నా ఇంతేగా?"

"చేప చల్లారిపోతోంది, బువలై!" అంటూ పళ్ళెం అందుకుని ఖంపన్ చీకట్లో కలిసిపోయాడు.

పెళ్ళికి ముందు అతడు మొర్‌లమ్ పాటల మేళంతో ఊరూరా తిరిగి వేదికకు దీపాలు కట్టినవాడు. పాడే అమ్మాయి ముఖం ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు మసకబారాలో అతని వేళ్ళకు తెలుసు. అటువంటివాడు తేమను సాకుగా చెప్పడమే ఆమెకు మింగుడుపడలేదు.

బువలైకి తోట కబుర్లు చెవుల ద్వారానే అందేవి. రెండేళ్ల కిందట మూకుడులోని నూనె భగ్గుమని ఎడమ చెంప, మెడ కాలిన తరువాత, జనం ఉన్న వేళ ఆమె వంటింటి గడప దాటలేదు. అన్నం, కూర కిటికీలోంచే వెళ్ళేవి. బల్బులు మార్చినప్పటి నుంచి ఆమె చెవిని పట్టి లాగుతున్నది ఒక ఆడ నవ్వు. నది పక్క బల్ల దగ్గర, పాడి పాడి సానబట్టిన గొంతు.

మర్నాడు పొద్దున తోట ఖాళీగా ఉండగా ఒక బల్బు ఊడదీసి చూసింది. అడుగున ఇరవైనాలుగు వోల్టులని ఉంది. గోడకున్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె మీద పన్నెండని ఉంది. వెంటనే కరెంటు సామాన్ల కొట్టుకు ఫోన్ చేసింది.

"నొయ్ అక్కా, మా ఆయనకి తప్పు బల్బులిచ్చావు."

"తప్పా? నేను వద్దు మొర్రో అన్నాను తల్లీ! పన్నెండు పెట్టెకి ఇరవైనాలుగు బల్బు పెడితే గుడ్డి వెలుగే వస్తుందయ్యా అని మొత్తుకున్నా. 'నాకు అంతే కావాలక్కా' అన్నాడు. పైగా నవ్వాడు."

"నవ్వాడా?"

"నవ్వాడు. నీకు చెప్పొద్దని కూడా అన్నాడు. అయ్యో, చెప్పేశానే!"

అనుమానానికి రుజువు కావాలి. రుజువు తోటలో ఉంది. కాపురం నిలుస్తుందో కూలుతుందో తేలాలంటే ఆమే అక్కడికి వెళ్ళాలి. ఆ సాయంత్రం బువలై జుట్టును ఎడమ చెంప మీదికి లాక్కుని, బొప్పాయి పచ్చడి పళ్ళెం పట్టుకుని, గడప దాటింది. నేరుగా ఆ నవ్వు దగ్గరికే నడిచింది.

"ఎవరూ, బువలై అక్కేనా? ఎన్నాళ్ళకి!" అంది ఆ గొంతు. "ఇదిగో మా అత్తగారు, ఈయన మా ఆయన. నీ పచ్చడి కోసం అత్తాకోడళ్ళం కొట్టుకుంటున్నాం, తీర్పు చెప్పు."

ఆమె కాదు. అయితే మరొకతె అయి ఉండాలి. మరుసటి సాయంత్రం బువలై ఇంకో బల్ల చూసింది, ఆ పై సాయంత్రం మరొకటి. ప్రతి నీడనూ పలకరించి, గొంతు విని, ఎవరో తేల్చుకునేది.

"ఇదేం వెలుగమ్మా! చేపనుకుని నిమ్మగడ్డి నమిలాను," అన్నాడొక ముసలాయన.

"నిమ్మగడ్డికి వేరే డబ్బులు తీసుకోనులే, తాతా!"

బల్లంతా గొల్లుమంది. తానూ నవ్వుతున్నానని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. తెలియగానే వచ్చిన పని గుర్తొచ్చి భర్త కోసం చూసింది. ఖంపన్ ఏ ఆడదాని దగ్గరా లేడు. మామిడి చెట్టుకు ఆనుకుని తనవైపే చూస్తున్నాడు. కళ్ళు కలవగానే తల తిప్పుకున్నాడు. ఆ దొంగచూపుతో ఆమె అనుమానం ఇంకా ముదిరింది.

వర్షాకాలం ముగిసేలోపు ఒక్కతె కూడా దొరకలేదు. చివరికి ఒకనాడు, జుట్టంతా పైకి ముడివేసుకుని, ఖాళీ పళ్ళెంతో అతని దారికి అడ్డంగా నిలబడింది.

"ఎవరి ముఖం కనబడకూడదని ఈ చీకటి? ఇవాళ చెప్పి తీరాలి."

జుట్టు తొలగిన ఆమె ఎడమ చెంప వైపు చూశాడు ఖంపన్.

"ఇవాళ ఎన్ని బల్లలకి వడ్డించావు?"

"అన్నిటికీ. మాట మార్చకు."

"మార్చలేదే," అన్నాడతను. ఆమె చేతిలోని పళ్ళెం తీసుకుని, చేపలు తిప్పడానికి తానే వంటింట్లోకి వెళ్ళాడు.

నాలుగేళ్ల తరువాత ఆ బల్బులన్నీ విప్పి, పన్నెండు వోల్టులవి బిగించింది బువలై.