ఎలీసా పోయాక వచ్చిన మూడో నవల

నా భార్య ఎలీసాది ఇటలీ. మన నవలలు పదకొండు వాళ్ల భాషలోకి అనువదించింది, సొంతంగా నాలుగు రాసింది. పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు రచయితలు పోయినా రాత ఆగదు. ఆమె ఉత్తరాలూ చిత్తుప్రతులూ చదివిన యంత్రం రెండేళ్లకో నవల రాస్తోంది. అచ్చుకు మాత్రం భర్తగా నేను ఒప్పుకోవాలి.

ప్రచురణ సంస్థ పంపిన సువర్చల అనే అమ్మాయి ఆ యంత్రాన్ని బల్లమీద పెట్టింది. అది ఎలీసా గొంతుతో చివరి అధ్యాయాన్ని తెలుగులో చదివింది. ఎలీసా ఆఖరి రోజుల్లోలాగే ఆస్పత్రిలో భర్త భార్య చెయ్యి పట్టుకుని, "నన్ను క్షమించు" అంటాడు.

"నేను ఆ మాట అనలేదు. తీసెయ్యండి," అన్నాను.

"అక్కడే అందరూ ఏడుస్తారు బాబాయ్ గారూ, ఉంచేద్దురూ!" అంది సువర్చల.

"జన్మలో ఎవరికీ ఆ మాట చెప్పినవాణ్ణి కానమ్మా."

"అదేంటండీ? కిందటి నెల వినిపిస్తే, 'నిజమే, ఆ మాట అన్నాను' అన్నారుగా!"

అవును, కిందటి నెల అలాగే చెప్పాను. ఆ ఆస్పత్రి మంచం గుర్తుంది, ఆమె వేళ్లు గుర్తున్నాయి. ఆ మాట నాదో, నవల్లో వాడిదో తేలడం లేదు.

"వీర్రాజూ, సరిగ్గా చెప్పు. అన్నావా, లేదా?" అంది యంత్రం. తెలుగు వాక్యం అర్థంకానప్పుడు ఎలీసా నన్ను అచ్చం ఇలాగే నిలదీసేది.

"తెలియదు," అన్నాను.

ఎలీసా అయితే తేలని మాట దగ్గర ఖాళీ వదిలేది. యంత్రం వదల్లేదు. అధ్యాయం మళ్లీ చదివింది. ఈసారి భర్త రెండుసార్లు క్షమించమన్నాడు. సువర్చల కళ్లు తుడుచుకుంది.

అచ్చుకు నేను ఒప్పుకోలేదు.