ఇరవై గాలాల తాడు

"దీదీ, ఈ వారం కూడా రోహూయేనా?" సైకిల్‌కి కట్టిన బుట్టలోంచి చేప తీస్తూ అడిగాడు చేపలవాడు.

"ఏదో ఒకటి, జల్దీ ఇవ్వు భయ్యా. ఆయన లేచేస్తారు."

ఘాజియాబాద్ ఇంకా మంచులోనే ఉంది. పాల బూత్ వంకతో వచ్చిన కమలాకుమారి చేపను సంచిలో వేసుకుని, శాలువా బిగించి చెరువు దారి పట్టింది.

తొంభై ఆరు వేసవిలో ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి ఆమె భర్త చెన్నకేశవులు, చెయ్యి తిరిగిన ఫిట్టర్, అయిదు నెలలు మంచం దిగలేదు. దీపావళి వెళ్ళాక ఏమనిపించిందో, కొల్లేటి ఒడ్డున పుట్టినవాడు కదా, పొడుగాటి తాడుకు వరసగా ఇరవై గాలాలు కట్టి శనివారం సాయంత్రం చెరువులో వేసి వచ్చాడు. ఆదివారం ఏడింటికి లాగితే ఒక్క చేపా లేదు. మళ్ళీ మంచమెక్కాడు. కమలాకుమారి రెండోసారి బతిమాలి తాడు వేయించి, తెల్లారకముందే వెళ్ళి కొన్న చేపను తగిలించింది. చేపల్ని ఎత్తుకుపోయే దొంగలుంటారు గానీ, తెచ్చిపెట్టే దొంగ ఈవిడే.

ఆ రోజే బొటనవేలికి గాలం దిగింది.

"ఏమైందే?"

"కుట్టుసూదండీ."

అతను ఆ వేలిని చాలాసేపు చూసి, పసుపు అద్దాడు.

చేప పడటంతో మనిషి లేచి కూర్చున్నాడు. ఇక ప్రతి శనివారం బాల్కనీలో ఆకురాయి పట్టుకుని గాలాలతో కుస్తీ.

"ఎంతసేపండీ ఆ గరగర?"

"గాలం బాగుంటేనే కదే వేట! నువ్వు మాత్రం ఆ తాడు జోలికి పోకు. ఒకటి గుచ్చుకుందని విదిలించుకుంటే పక్కవన్నీ వచ్చి పడతాయి. మా ఊళ్ళో గజ ఈతగాడే అలా చుట్టుకుని మునిగిపోయాడు."

"నాకేం పనండీ అక్కడ?"

ఆమెకు గాలం గుచ్చడం చేతకాదు. మొప్పలోంచి దూర్చి నోట్లోంచి తీసేది. అతను తాడు లాగి "చూశావా, కొల్లేటి చెయ్యి!" అని మురిసిపోయేవాడు.

"చేప ఇంత చల్లగా ఉందేమే?" అన్నాడోసారి.

"జనవరి నీళ్ళు కదండీ," అని మొహం తిప్పుకుంది.

పదకొండో వారం ఇది. ఈమధ్య చలికి బద్ధకమేమో, అతను తాడు మోకాటి లోతులోనే వేస్తున్నాడు. అదీ మంచిదే అనుకుని ఆమె నీళ్ళలోకి దిగింది. పాచి మీద కాలు జారి కూలబడింది. పట్టుకున్న తాడు పైకి లేచి మెడకీ చేతులకీ శాలువాకీ చుట్టుకుపోయింది.

విదిలించుకోకూడదు! కదలకుండా ఉండిపోయింది. ప్రాణం కన్నా ఎక్కువ భయం ఇంకోటి. ఏడింటికి ఆయన వచ్చి ఈ అవతారం చూస్తే అంతా తెలిసిపోతుంది. మళ్ళీ ఆ మంచం, మళ్ళీ ఆ గోడకేసి చూపు.

కళ్ళు మూసుకుని ఒక్కో గాలాన్నే తీయడం మొదలుపెట్టింది. మెడ మీదిది జారిపోయింది. మణికట్టు మీదిదీ అంతే. చుక్క రక్తం లేదు. శాలువాలో ఒక్క పోగూ లేవలేదు.

ఒడ్డెక్కి, తాడు ఒళ్ళో వేసుకుని, అప్పుడే పొడుస్తున్న వెలుగులో ఒక్కోదాన్నీ బొటనవేలితో తడిమింది.

ఇరవై గాలాలకీ మొనల్లేవు.