మూడు స్వెట్టర్ల టిఫిన్

“దగ్గరికి జరుగు నవీనా. తల గిరిధర్ భుజం మీద పెట్టు,” అన్నాను ఫోన్ ఎత్తి పట్టుకుని.

వీకెండ్‌కి క్రైస్ట్‌చర్చ్ వచ్చి, పొద్దున్నే డెలి అనే ఒక చిన్న యూదుల హోటల్లో టిఫిన్‌కి కూర్చున్నాం. ఫొటో ఫొటోకీ వాళ్లిద్దరూ స్వెట్టర్ మార్చుకుంటున్నారు, టేబుల్ మారుతున్నారు. మూడు ఫొటోలూ మూడు ట్రిప్పుల్లో తీసినట్టుండాలి. వాళ్లది నిజమైన కాపురమని నమ్మితేనే ఇమిగ్రేషన్ వాళ్లు గిరిధర్‌కి వీసా ఇస్తారు.

నవీన నా ఫ్రెండ్. ఆమెకి న్యూజిలాండ్ రెసిడెన్సీ ఉంది, మాకు లేదు. అందుకే గిరిధర్ కాగితం మీద నాకు విడాకులిచ్చి, నవీనని పెళ్లి చేసుకున్నాడు. “రెండేళ్లు ఓపిక పట్టవే. వీసా రాగానే మళ్లీ మామూలే,” అన్నాడు. నవీనని ఒప్పించింది కూడా నేనే.

డెలి యజమానురాలు బాబ్కా తెచ్చింది. చాక్లెట్ పొరల తీపి రొట్టె. “లవ్లీ కపుల్,” అని, మరి నువ్వెవరన్నట్టు నావైపు చూసింది.

“మై సిస్టర్,” అన్నాడు గిరిధర్.

చివరి ఫొటోలో అతను నవీనకి బాబ్కా తినిపించాలి. చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. “కాస్త నవ్వుతూ పెట్టు,” అని నేనే కసిరాను. మూడోసారికి కుదిరింది.

ఫోన్ బ్యాగులో పడేసి, చల్లారిపోయిన నా బేగెల్ రొట్టె ముందుకు లాక్కున్నాను. తలెత్తేసరికి గిరిధర్ ఇంకో ముక్క తినిపిస్తున్నాడు. ఈసారి చెయ్యి బిగుసుకోలేదు. నవీన అతని పెదవి మీది చాక్లెట్ బొటనవేలితో తుడిచింది.

“ఫొటోలు అయిపోయాయిగా?” అన్నాను.

“అయిపోయాయి. నువ్వెళ్లి కార్లో కూర్చుని తిను,” అన్నాడు, నావైపు చూడకుండానే.