ఐపీ గురుస్వామి

“అన్నా, నంద్యాలలో పత్తి వ్యాపారం చేసిన గురుస్వామి నీకేమన్నా తెలుసునా?”

బస్సులో పక్కన కూర్చున్న కొత్త మనిషి అడిగాడు.

అడిగింది సాక్షాత్తూ ఆ గురుస్వామినే.

అతని ముఖం కదల్లేదు. ఆరేళ్లుగా అలవాటు చేసుకున్న విద్య అది.

“ఏ గురుస్వామి?” అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

“అదేన్నా, ఐపీ పెట్టినాయన. ఇప్పుడు ఆళ్లగడ్డలో ఉంటాండాడని చెప్పినారు.”

ఆరేళ్ల కిందట పత్తి ధర పడిపోయి, అప్పులు తీర్చలేనని గురుస్వామి కోర్టులో దివాలా అర్జీ పెట్టుకున్నాడు. ఇల్లూ కొట్టూ కోర్టువాళ్లు వేలం వేశారు. అప్పులవాళ్లకు రూపాయికి రెండణాలు దక్కాయి. అతనికి మాత్రం ఉన్న ఇంటిపేరు పోయి ‘ఐపీ’ దక్కింది.

ఆళ్లగడ్డ చేరి, ఎద్దులబండి బాడుగకు తోలుకుంటూ ఎలాగో బతుకుతున్నాడు. అక్కడైనా గ్రహచారం వదిలిందా? గాలికుంటు వచ్చి ఒక ఎద్దు చచ్చింది. ఇంకో ఎద్దు కోసం నూట ఇరవై అప్పు చేశాడు. అది తీరలేదు. సోమవారానికి డబ్బు కట్టకపోతే కోర్టు అమీనా వచ్చి బండినీ ఎద్దులనూ జప్తు చేస్తాడు.

అందుకే ఆ పొద్దు నంద్యాలలో నాలుగు గడపలు ఎక్కి దిగాడు.

ఒకప్పుడు తన కొట్టు అరుగు మీద రోజూ కాఫీ తాగిన సంజీవయ్య, కూర్చోమని కూడా అనలేదు.

“దుడ్లు ఉండాయి గురుస్వామీ. నీకిచ్చే ధైర్యమే లేదు,” అన్నాడు.

“మళ్లా అట్ల చేస్తానా అన్నా?”

“ఒకసారి ఐపీ పెట్టినోనికి అప్పిచ్చేది, ఏట్లో ఏసేది ఒకటే.”

ఆ మాట నెత్తిన వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. యుద్ధం రోజులు. బొగ్గుతో నడిచే బస్సు, దగ్గుకుంటూ పోతోంది. అందులోనూ ప్రశాంతంగా కూర్చోనిచ్చారా? ఈ శని పక్కనే వచ్చి కూర్చుంది.

గురుస్వామి ఓరకంట చూశాడు. నెరిసిన గడ్డం, అతుకుల కోటు. ఒళ్లో గుడ్డసంచి, దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. కోర్టు కాగితాలే అయ్యుంటాయి, ఇంకేముంటాయి? పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే.

“ఆయన చానా మంచోడన్నా,” అన్నాడు ఆ మనిషి.

మంచోడని పొగిడి ఆచూకీ రాబట్టే అప్పులవాళ్లను గురుస్వామి చాలామందినే చూశాడు.

“సచ్చిపోయినాడు,” అన్నాడు.

“ఏందీ?”

“నీవడిగిన గురుస్వామి. పోయినేడు కలరా వచ్చి పోయినాడు.”

ఆ మనిషి తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు.

“పెండ్లాం బిడ్లు యాడుండారన్నా?”

ఇంట్లో తన దారి చూస్తూ కూర్చున్న భార్య జయలక్ష్మి గుర్తొచ్చింది. అప్పులవాళ్లు అంతకుముందు ఆమెను కూడా వీధిలో నిలబెట్టి అడిగారు.

“ఎవరూ లేరు. వంశమే లేదు.”

“అయ్యో. ఒక్కరన్నా?”

“లేరని చెప్తాండా గదప్పా. ఎన్నిసార్లు చెప్పాల?”

సిరివెళ్లలో బస్సు ఆగితే ఆ మనిషి దిగి, నంద్యాల వైపు పోయే బస్సు కోసం రోడ్డు దాటాడు. సంచి మాత్రం వదల్లేదు.

ఒక అప్పులవాడి పీడ వదిలిందనుకున్నాడు గురుస్వామి. ఆ రోజు అతనికి జరిగిన మంచి అదొక్కటే అనిపించింది. ఆళ్లగడ్డ దాకా కాళ్లు బారచాపుకుని నిద్రపోయాడు.

సోమవారం అమీనా చెప్పిన వేళకే వచ్చాడు. ఎద్దులు వేరేవాడి వెంట పోమని మొరాయిస్తే, గురుస్వామే ముందు నడిచి తోలుకుపోయి అప్పగించాల్సి వచ్చింది. అంతకన్నా సిగ్గు ఇంకేముంది? జయలక్ష్మి ఏడవలేదు. రెండు చీరలు మూట గట్టుకుని రుద్రవరంలో ఉన్న అన్న ఇంటికి వెళ్లిపోయింది.

కూలి వెతుక్కుంటూ గురుస్వామి మళ్లీ నంద్యాల చేరాడు. మూటలు మోయడానికి అతని వయసు చూసి ఎవరూ పిలవలేదు. రెండు రోజులు నీళ్లతో గడిపి, మూడో రోజు మధ్యాహ్నం సిగ్గు చంపుకుని సత్రంలో పంక్తిలో కూర్చున్నాడు. మేనేజరు రంగనాథం అహోబిలం నుంచి కొత్తగా వచ్చినవాడు, అతన్ని ఎరగడు.

ఆకుల్లో అన్నం, పప్పు, నెయ్యి పడ్డాయి. చెయ్యి పెట్టబోతుంటే రంగనాథం ఆపాడు. అన్నం ఎవరి పేరు మీద పెడుతున్నారో చెప్పాకే తినడం ఆ సత్రం ఆనవాయితీ.

“ఈ నెలంతా అన్నదానం, స్వర్గస్థులైన పత్తి వ్యాపారి గురుస్వామిగారి పేరు మీద. ఆయనకు పుణ్యలోకాలు కలగాలని అనుకోని తినండప్పా.”

పంక్తిలో అందరూ అలాగే అనుకుని తినసాగారు.

గురుస్వామి ముద్ద కలపలేదు. రంగనాథం నెయ్యి గిన్నెతో దగ్గరికి రాగానే అడిగాడు.

“ఎవరు పెట్టిస్తాండారు స్వామీ?”

“మిడుతూరు మనిషి, నతానియేలంట. కిరస్తానీ గదా, లోపలికి రాలేదు. గడపకాడనే నిలబడి రెండు వందలు నా చేతిలో పెట్టినాడు.”

“ఆయనకూ ఈయనకూ ఏం సంబంధం?”

రంగనాథం అతని ఆకులో ఇంకొంచెం నెయ్యి పోశాడు.

“ఎప్పుడో కష్టంలో ఉంటే గురుస్వామిగారు కాగితం కూడా రాయించుకోకుండా గుమాస్తా చేత దుడ్లు పంపినాడంట, ఒకరి ముఖం ఒకరు చూసిందే లేదంట. ఈయన మిలిటరీలో సంపాదించి వడ్డీతో సహా తీర్చాలని ఆళ్లగడ్డకు పోతాంటే, ఆయన సచ్చిపోయినాడని బస్సులో ఎవరో చెప్పినారంట.”