కావలి పుస్తకం

"ఏ సీరియల్లో చూశావే ఇది?" తల్లి పుస్తకాన్ని కూతురి ముక్కు దగ్గరికి తెచ్చింది.

తొమ్మిదేళ్ల పిల్ల తల అడ్డంగా ఊపింది. "చూళ్లేదమ్మా. విన్నాను."

"ఎక్కడ విన్నావ్?"

పిల్ల పుస్తకం వైపు చూసింది గానీ నోరు విప్పలేదు.

అది కావలి పుస్తకం. అరచేయంత చిన్నది. తన చదువు ఎనిమిదితోనే ఆగిపోయినా, కూతురి మనసుకు కాపలా కాయడానికి తల్లి తనంతట తానే కనిపెట్టిన ఉపాయం. చెవిన పడ్డ చెడ్డ మాటేదైనా పిల్ల అందులో రాయాలి. ముందు విన్న మాట, తర్వాత ఎక్కడ విన్నదీ, చివర్న ఎవరి నోట విన్నదీ. ఒకసారి రాశాక మళ్లీ నోటితో అనకూడదు, అడిగినా చెప్పకూడదు. అన్నదంటే ఆ మురికి నాలుకకు అంటుకుంటుంది. ప్రతి శుక్రవారం సాయంత్రం తల్లి కుట్టుమిషన్ ఆపి, అది చదివి, పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంది. ఇన్నాళ్లూ బస్సులో తిట్లూ, బడి గేటు దగ్గర పెద్దపిల్లల పాటలూ తప్ప అందులో పెద్దగా ఏమీ పడలేదు.

ఈ వారం మాత్రం గుండ్రటి పెద్ద అక్షరాలతో పేజీ నిండిపోయింది. "సిగ్గులేని మనిషి. తలుపేసుకుని లోపల ఏం నడిపిస్తుందో దేవుడికే తెలియాలి. పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు మొహం పెడుతుంది." అంతే. ఎక్కడో లేదు, ఎవరో లేదు. దాస్తోందన్నమాట.

పిల్ల పుస్తకం కోసం చెయ్యి చాపింది. చింపేస్తుందేమోనని తల్లి దాన్ని పైకెత్తేసింది.

ఆ మాటలు తనకు ఎక్కడో తగిలినట్టే ఉన్నాయి. సీరియల్ మాటలే, అనుమానం లేదు. టీవీ అమ్మేయకముందు ఇలాంటివి ఎన్ని వినలేదు తను? కానీ ఇప్పుడు ఇంట్లో టీవీ లేదు. ఫోన్ తాళం తన ఒక్కదానికే తెలుసు. బయటివాళ్లు గడప తొక్కేది బుధవారం ఆడవాళ్ల ప్రార్థన కూడికకే. ఇక మిగిలింది ఒక్కటే చోటు. పిల్ల రోజూ గంటసేపు లెక్కలు నేర్చుకునే పై ఇల్లు.

అప్పుడే పనినుంచి వచ్చి బూట్లు విప్పుతున్న భర్త సంగతి విని నవ్వేశాడు. వ్యాన్ నడిపేవాడు కదా, తనకూ ఒక పుస్తకం పెడితే వారానికో దస్తా కాగితాలు చాలవన్నాడు. ఆమె నవ్వకపోయేసరికి గొంతు తగ్గించి, పైకి వెళ్లి గొడవ చెయ్యొద్దనీ, పిల్ల లెక్కల్లో గట్టెక్కింది ఆవిడ పుణ్యాన్నేననీ గుర్తు చేశాడు.

"లెక్క తప్పితే మళ్లీ చేసుకుంటుందండీ. మనసు తప్పితే ఎవరు దిద్దుతారు?" అంది ఆమె. పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. ఇవాళ్టితో లెక్కలూ వద్దు, ఆ ఇల్లూ వద్దు. మెట్లు దిగేలోపు తేలిపోవాలి.

లెక్కలావిడ తలుపు తీసే ఉంచింది. యాభై దాటిన మనిషి. బల్ల ముందు కూర్చుని దళసరి కాగితం మీద చిన్న సూదితో చుక్కలు పొడుస్తోంది. రండి, కూర్చోండి అంటూ కాగితాలు పక్కకు జరిపింది. చూపులేని ఒకాయనకి వేళ్లతో తడిమి చదవడం నేర్పుతోందట, రేపు ఆయన వచ్చేసరికి ఇవ్వాల్సిన పాఠం ఇంకా తయారవలేదట.

తల్లి కూర్చోలేదు. గది నాలుగు మూలలా చూసింది. టీవీ కనిపించలేదు.

"మా పిల్లకి మీరు ఏం చూపిస్తున్నారండీ?"

"భిన్నాలు. భాగహారం దగ్గరే కాస్త తడబడుతోంది. ఏం, ఏమైంది?"

"భిన్నాలు కాదు. ఇది." పుస్తకం బల్ల మీద పెట్టింది. తన ఇంట్లోకి చెడ్డ మాట చీమలా కూడా దూరలేదనీ, ఇది ఇక్కడినుంచే వచ్చి ఉండాలనీ, ఇవాళ్టినుంచి పిల్ల పైకి రాదనీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది.

పిల్ల కళ్లల్లో నీళ్లు నిండాయి. అయినా పెదవి విప్పలేదు. రాసింది నోటితో అనకూడదు.

లెక్కలావిడ కళ్లజోడు సర్దుకుని పేజీ చదివింది. కోపం తెచ్చుకోలేదు. పిల్లని చూసి, "ఇంకా ఉందా తల్లీ?" అని అడిగింది. పిల్ల వేలితో గాల్లో కాగితం తిప్పినట్టు చూపించి తల దించుకుంది.

"దీని అక్షరాలు గుమ్మడికాయలంత ఉంటాయి కదమ్మా, పేజీ చాల్లేదు. మిగతాది వెనక రాసింది. నువ్వు చూశావా?"

"లేదు. మీరే చదవండి. పైకే చదవండి, పిల్ల కూడా వింటుంది. మా ఇంట్లో దాచుకునేదేం లేదు," అంది తల్లి ధీమాగా.

లెక్కలావిడ పేజీ తిప్పింది. ఒక్క క్షణం ఆగి, పిల్లలకు డిక్టేషన్ చెప్పే గొంతుతో నెమ్మదిగా చదివింది:

"'శనివారం శనివారం ఒకతను వస్తాడు. ఆవిడ ఎవరో కాదు, మా పై ఇంట్లోనే ఉంటుంది. ఆమె మారాలని అందరూ ప్రార్థన చెయ్యండి సిస్టర్స్.' ఎక్కడ: మనింట్లో, బుధవారం కూడికలో. ఎవరి నోట: అమ్మ."