అరుగు మీద అణా

ఆ శనివారం కూడా ఆయన అణా బిళ్ళను హోటలు అరుగు మీదే పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. కాఫీలందించే కురుమూర్తి వంగి తీసుకున్నాడు. బల్లల దగ్గర కూర్చున్న పల్లికాయ వ్యాపారులు చూస్తూనే ఉన్నారు. నడుమెత్తేసరికి అతని చెవులు సిగ్గుతో కాలిపోతున్నాయి.

గద్వాల స్టేషను ఎదుటి కాఫీ హోటల్లో ఇనాం కొత్తేమీ కాదు. రైలు దిగిన గుమాస్తా పైసా ఇచ్చినా చేతిలో పెట్టేవాడు, కురుమూర్తి కళ్ళకద్దుకుని రొంటిన దోపుకునేవాడు. శ్రీరంగాపూర్‌లో నాలుగెకరాల చెలక ఎండిపోయి ఈ పనిలో చేరినవాడు. ఇంకొకరి ముందు చెయ్యి చాపడమే మొదట్లో చచ్చినంత పనయింది. చేతికిస్తే మర్యాదేలే అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఈయన ఆ కాస్త మర్యాద కూడా మిగల్చలేదు.

తెల్లని పంచె, నల్లకోటు, చంకలో గుడ్డ చుట్టిన పుస్తకం. పురాణమై ఉంటుందని కురుమూర్తి అనుకున్నాడు. వారం వారం వడ్డేపల్లి వైపు నుంచి సంతకు వచ్చేవాడు. చెప్పులు దూరంగా విడిచేవాడు. ఎండ మాడ్చేస్తున్నా పందిరి నీడలోకి రాడు. ఎవరైనా ఎదురైతే తానే పక్కకు తప్పుకునేవాడు. తళతళలాడే సొంత చెంబు అరుగు మీద పెట్టి, పైనుంచి పొయ్యమనేవాడు, చెంబుకు ఏదీ తగలనివ్వద్దనేవాడు. కాఫీ తీసుకుని ఎక్కడికో పోయి తాగేవాడు.

వంట చేసే శంకరయ్యకు ఇదంతా వేడుక.

"ఏం మడిరా నాయనా. నువ్వు తాకితె ఆయన మళ్ల తానం చెయ్యాలె" అని ఇకిలించాడు.

ఆ మాట వారమంతా కురుమూర్తిని కుట్టింది. ముద్ద నోట పెట్టుకుంటే ఆ నవ్వే గుర్తొచ్చేది. పని పోతే పోనీ, ఈసారి మాత్రం వంగేది లేదనుకున్నాడు.

మరుసటి శనివారం ఆయన కాఫీ పోయించుకుని, చెంబు చేతికి తీసుకుని, కాఫీ డబ్బుల పక్కన అణా పెట్టాడు. కురుమూర్తి వంగలేదు.

"ఇనాం చేతికియ్యి. కింద పెడ్తె కుక్కకేసినట్టుంటది."

ఆయన తలెత్తలేదు. వద్దన్నట్టు చెయ్యి ఆడించాడు. అది కురుమూర్తికి పొగరుగా తోచింది. అణా తీసుకుని అరుగు దిగాడు. ఆయన మణికట్టు దొరకబుచ్చుకుని, అరచేతిలో బిళ్ళ పెట్టి, దాని కింద తన చెయ్యి చాపాడు.

"ఇప్పుడియ్యి."

చెంబు జారి కాఫీ మట్టిపాలైంది. బల్లల దగ్గరివాళ్ళు ఇటు తిరిగారు. శంకరయ్య గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చాడు. ఆయన చెయ్యి వెనక్కి లాక్కోబోయేసరికి, అణా కురుమూర్తి చేతిలో పడింది. ఇన్ని వారాల సిగ్గు ఒక్కసారిగా దిగిపోయినట్టయింది కురుమూర్తికి. అందరూ వినాలని గొంతు పెంచాడు.

"నేను తాకిన. ఇంటికి పోయి తానం చేసుకో."

ఆయన మొదటిసారి కళ్ళెత్తాడు. ముందు బల్లల వైపు, తర్వాత కురుమూర్తి వైపు చూశాడు. ఆ కళ్ళలో కోపం లేదు, భయం ఉంది.

"తానం నేను గాదయ్యా, మీరు చెయ్యాలె."