నేననక ఇంకెవరంటారు

వెనక గదిలోంచి ఆ మాట మళ్ళీ వినబడింది. వంటింట్లో కోడలి చేతిలో గరిట ఆగిపోయింది.

ఏ మాటో ఇక్కడ రాయను. రాస్తే నేనూ అన్నట్టే అవుతుంది. ఏటి అవతలి నుంచి పనులకి వచ్చిన జాతివాళ్ళకి పుట్టుకతోనే నెత్తికి అంటుకుపోయిన చిన్న చిన్న రింగుల జుట్టు. దాన్ని వెక్కిరిస్తూ ఎవడో పనిలేనివాడు పుట్టించిన మాట అది. ఊళ్ళో అందరూ అనేస్తారు, ఎవరైనా నొచ్చుకుంటే సరదాకన్నాం అంటారు. కోడలు మాత్రం అనదు, ఇంట్లో అననివ్వదు. అలాంటిది ఆ జాతి పిల్లే నర్సుగా వస్తే, అత్తగారు పొద్దున లేచింది మొదలు ఆ మాటతోనే పిలుస్తోంది.

అత్తగారు తుంటి ఎముక విరిగి మంచాన పడింది. తల రుద్దుతానని తలగుడ్డ మీద చెయ్యి వేసిన పాపానికి మొదటి నర్సుని కొరికేసింది. రెండో నర్సు మీదకి గ్లాసు విసిరింది. ఆ తలగుడ్డ గొడవ ఇంట్లో పాతదే. చలి తలకెక్కుతుందట, మండు వేసవిలో కూడా విప్పదు. హాల్లో ఉన్న ఆవిడ పెళ్ళి ఫొటోలో కూడా ఆ గుడ్డ ఉంది. మా అమ్మ గుడ్డతోనే పుట్టింది అని కొడుకు జోకులేస్తుంటాడు.

ఈ మూడో నర్సు ఏం మందు పెట్టిందో గాని, వచ్చిన రోజే తలుపేసుకుని తలస్నానం చేయించి, గుడ్డ మళ్ళీ నీటుగా కట్టేసింది. ఎలా ఒప్పించావమ్మా అని అడిగితే, ఊరికే అడిగానండీ అంది.

ఈ పిల్ల కూడా వెళ్ళిపోతే వృద్ధాశ్రమమే దిక్కని కొడుకు తేల్చేశాడు. టైర్ల షాపులో అతనికి, కళ్ళజోళ్ళ షాపులో కోడలికి సెలవులన్నీ అయిపోయాయి మరి. అది విని అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని వలవలా ఏడ్చింది. "అక్కడ ఎవరు పడితే వాళ్ళు నా మీద చేతులేస్తారే. నన్ను పంపకే." తల్లి లేని పిల్లనని తనని కడుపులో పెట్టుకుని చూసుకున్న మనిషి. ఎలాగైనా సరే, ఈ నర్సుని పోనివ్వకూడదనుకుంది కోడలు.

అందుకే ఆ సాయంత్రం నర్సుని వంటింట్లోకి పిలిచి, కూర్చోబెట్టి, క్షమాపణ చెప్పుకుంది. మా అత్తయ్య నిన్ను ఇలా అంటుంటే నాకు తల తీసేసినట్టుందమ్మా అంటూ, ఎలా అంటోందో చెప్పబోయి ఆ మాట తనూ అనేసింది. అంతసేపూ నవ్వుతూ ఉన్న పిల్ల ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయింది.

"ఆ మాట మీరనకండి మేడమ్."

"అయ్యో, నేను తిట్టలేదమ్మా. సారీ చెబుతున్నా."

"తెలుసు. అయినా అనకండి. ఆవిడ అంటే నాకేం నొప్పి లేదు. మీరంటే ఉంది."

ఇదెక్కడి న్యాయమో కోడలికి అర్థం కాలేదు. రోజంతా అనే మనిషిని వదిలేసి, జాలిపడి ఒక్కసారి అన్నదాన్ని పట్టుకుందేమిటి? అనకూడని మాటైతే ఎవరూ అనకూడదు. అనొచ్చంటే అందరూ అనొచ్చు. రెండూ కాదంటే ఆ మాటకి ఒక దారీ తెన్నూ ఉండక్కర్లేదా?

సరే, అసలు మనిషినే అడుగుదామని అత్తగారి దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్లకి పేరుందిగా అత్తయ్యా, పేరు పెట్టి పిలిస్తే ఏం పోయింది అని బతిమాలింది. అత్తగారు మొహం గోడ వైపు తిప్పుకుంది.

"దాన్ని నేననక ఇంకెవరంటారే ఈ ఇంట్లో?" అంది. కళ్ళలో నీళ్ళు. తిట్టేవాళ్ళకి ఏడుపెందుకొస్తుందో అదీ అర్థం కాలేదు కోడలికి. బుర్ర వేడెక్కిపోయింది.

మొగుడికి చెబితే అతను తేలిగ్గా తీసిపారేశాడు. ఆ పిల్ల మనసులో ఏదో పెట్టుకుందట. రేపు నర్సుల ఏజెన్సీలో కంప్లయింటు పడేస్తే పరువు పోయేది మనదేనట. అక్కడికక్కడే ఏజెన్సీకి ఫోన్ చేశాడు. వేరే నర్సు లేదన్నారు. వెంటనే ఆశ్రమానికి చేశాడు. పొద్దున్నే వ్యాను పంపుతామన్నారు.

"వెళ్ళి ఆ పిల్లకి చెప్పు," అన్నాడు. "ఇవాళ్టితో సరి అని."

ఏమని చెప్పాలి? తప్పు ఎవరిదని చెప్పాలి? కోడలు వెనక గది దాకా వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. లోపల అత్తగారు ఆ మాటే అంటోంది. వెంటనే నర్సు గొంతు వినబడింది. అదే మాట, తిరిగి అత్తగారిని, ముందు 'ముసలి' అని ఒకటి తగిలించి మరీ.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఎవరి కోసమైతే తను సిగ్గుతో చచ్చిపోయిందో, ఆ పిల్లే మంచాన పడ్డ మనిషిని పట్టుకుని ఎదురు తిడుతోంది. అదీ అత్తగారికి ఏ సంబంధమూ లేని మాటతో. మొగుడు అన్నదే నిజమైంది. ఇంక మొహమాటం అక్కర్లేదనుకుని, తట్టకుండానే తలుపు తోసింది.

నర్సు చేతిలో దువ్వెన గాలిలోనే ఆగిపోయింది. తలగుడ్డ మంచం మీద పడుంది. అత్తగారు రెండు చేతులతో గబుక్కున నెత్తి కప్పుకుంది.

వేళ్ళ సందుల్లోంచి అవే రింగులు, తెల్లగా.